క్రీమ్ గిన్నె బల్ల మీదే ఉంది

"మా ఇంటి వంట" శీర్షికకి ఏదైనా ఒక వంటకం రాసి పంపమని అమ్మాయి క్లాస్ టీచర్ అడిగినప్పుడు వెంటనే ఒప్పుకున్నాను. మేము ఆదివారాలు చేసుకునే ఫ్రెంచి చికెన్ ఒకటుంది. వెన్న, క్రీమ్ బాగా తగ్గించి దాన్ని చేయడం నాకు వచ్చు. కొలతలు రాసి పంపితే అరపేజీలో అయిపోతుందనుకున్నాను. తీరా కూర్చున్నాక, ఆ కొలతలు మా ఇంటికి ఎలా వచ్చాయో చెప్పకపోతే సగమే చెప్పినట్టు అనిపించింది. మా అమ్మాయిని అడిగాను, "అదంతా రాయనా?" అని. కాసేపు ఆలోచించి, "రాయి. కానీ నా పేరు వద్దు" అంది. అందుకే ఇందులో మా ఇంట్లోవాళ్ళ పేర్లు ఉండవు.

మావారి ఉద్యోగం వల్ల ఫ్రాన్స్‌లోని లియోన్ నగరంలో నాలుగేళ్ళు ఉన్నాం. వెళ్ళేటప్పటికి అమ్మాయికి ఆరేళ్ళు. మా పక్క ఫ్లాట్‌లో డెబ్బై దాటిన పెద్దావిడ ఒక్కరే ఉండేవారు. అక్కడి పిల్లలు అమ్మమ్మనీ నానమ్మనీ "మామీ" అని పిలుస్తారు. మన "మామ్మ"కి ఎంత దగ్గరో చూడండి! మా అమ్మాయి మొదటి వారంలోనే ఆవిడని మామీ అనేసింది. ఇక మాకూ ఆవిడ మామీయే.

మామీది బ్రెస్ ప్రాంతం. లియోన్‌కి ఈశాన్యంగా ఉంటుంది. పాడికీ, కోళ్ళకీ పేరున్న సీమ. తెల్లటి ఈకలు, ఎర్రటి జుట్టు, నీలం కాళ్ళతో ఉండే అక్కడి కోళ్ళకి 1957 నుంచి చట్టపరమైన రక్షణ ఉంది. ఆ ప్రాంతంలో, ఆ పద్ధతిలో పెంచినవాటినే బ్రెస్ కోడి అని అమ్మాలి. ఒక్కో కోడికి కనీసం పది చదరపు మీటర్ల పచ్చిక వదలాలి. తిండి జొన్నలు కాదు, మొక్కజొన్న, గోధుమ, పాల పదార్థాలు. కోడీ ఉంది, పాడీ ఉంది కాబట్టి అక్కడి ఆడవాళ్ళు ఆ రెంటినీ ఒకే గిన్నెలో కలిపారు. అదే "పూలే ఆ లా క్రెమ్", అంటే క్రీమ్‌లో ఉడికించిన కోడి.

నెలకో ఆదివారం మామీ మమ్మల్ని భోజనానికి పిలిచేవారు. బరువైన ఇనప గిన్నెలో వెన్న కరిగించి, కోడి ముక్కల్ని రంగు మారీ మారకుండా వేయించి, ఉల్లిపాయ, పుట్టగొడుగులు వేసి, కొంచెం వైట్ వైన్ పోసేవారు. మా కోసం వైన్ మానేసి కోడి ఉడికించిన నీళ్ళు పోసేవారు. చివర్లో చిక్కటి పుల్లటి క్రీమ్ డబ్బాతో సహా బోర్లించేవారు. పైన నిమ్మరసం. పక్కన తెల్లన్నం. ఔను, అక్కడ కూడా దీన్ని అన్నంతో తింటారు. మా అమ్మాయి పళ్ళెం చివర ఆ సాస్ ఒక్క చుక్క మిగలకుండా బ్రెడ్ ముక్కతో తుడిచి తినేది. మామీ మురిసిపోయేవారు.

బడిలో భోజనం కూడా నాకు బాగా గుర్తు. వారం మొత్తం మెనూ గేటు దగ్గర అంటించేవారు. ముందు సలాడ్ లాంటిది, తర్వాత అసలు వంటకం, ఆపైన పెరుగో చీజో, చివర పండు. అందరూ బల్లల చుట్టూ కూర్చుని తినాలి. బడి భోజనానికి అక్కడ 2011 నుంచి ప్రభుత్వ నియమాలు ఉన్నాయి. నీళ్ళు, బ్రెడ్ ఎంత కావాలంటే అంత పెట్టాలి. ఉప్పు, కెచప్, మయొనీజ్ మాత్రం పిల్లల చేతికి ఇష్టమొచ్చినట్టు అందకూడదు. ఆ నాలుగేళ్ళలో మా అమ్మాయి నోట "ఇది తింటే లావవుతామా?" అన్న మాట నేను వినలేదు. ఈ రోజు ఏం పెట్టారో, అందులో ఏది బాగుందో చెప్పేది, అంతే.

మూడేళ్ళ కిందట హైదరాబాద్ తిరిగొచ్చేశాం. పోయిన ఏడాది మావారి వైద్య పరీక్షల్లో ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా ఉన్నాయనీ, కాలేయానికి కొవ్వు పట్టిందనీ తేలింది. వెన్న, నెయ్యి, క్రీమ్, స్వీట్లు తగ్గించి రోజూ నడవమన్నారు డాక్టర్. ఆయన చెప్పింది మావారికి. నేను అమలు చేసింది ఇంటిల్లిపాదికీ.

ఫ్రిజ్ ఖాళీ చేశాను. నెయ్యి సీసా పై అరలోకి ఎక్కించాను. వంటింటి తలుపుకి ఒక కాగితం అంటించి, దేనిలో ఎన్ని క్యాలరీలో రాశాను. మావారు రెండో ఇడ్లీ తీసుకుంటే, "చూసుకుని తినండి" అనేదాన్ని. నా చీర కుచ్చిళ్ళు సరిగ్గా రాకపోతే అద్దం ముందు నన్ను నేనే తిట్టుకునేదాన్ని. ఇదంతా పక్కనే కూర్చుని హోంవర్క్ చేసుకునే పిల్ల చెవిన పడుతోందన్న ఆలోచనే రాలేదు. మే నెలలో చుట్టాల పెళ్ళికి వెళ్ళాం. అక్కడ ఒకావిడ, "ఏమే, బాగా ఒళ్ళు చేశావే!" అని పిల్ల బుగ్గ గిల్లారు. అందరం నవ్వేశాం. నేనూ నవ్వాను.

ఆగస్టులో ఒక ఉదయం బడి నుంచి ఫోన్. ప్రార్థన వేళ అమ్మాయి కళ్ళు తిరిగి కూర్చుండిపోయిందట. గ్లూకోజ్ తాగించారట, ఇప్పుడు బాగానే ఉందట. తీసుకురావడానికి వెళ్తే టీచర్‌గారు నన్ను పక్కకి పిలిచారు. "మేడమ్, మీతో ఇదివరకే మాట్లాడాల్సింది. రెండు మూడు వారాలుగా లంచ్ బాక్స్ తెరవడం లేదు. అడిగితే ఇంట్లో ఎక్కువ తినొచ్చానంటోంది" అన్నారు. ఇంటికి వచ్చే డబ్బా మాత్రం రోజూ ఖాళీగానే ఉండేది. అన్నం ఎక్కడికి పోతోందో అప్పుడు అర్థమైంది.

ఆ సాయంత్రం లెక్కల నోట్‌బుక్ చివరి పేజీలు చూశాను. తేదీలవారీగా పట్టిక. ఇడ్లీ ఇన్ని, పాలు ఇన్ని, అరటిపండు ఇన్ని. కింద కూడిక. కూడిక కింద మరో చిన్న అంకె. దాన్ని దాటకూడదని తనకు తానే గీసుకున్న గీత. నేను తలుపుకి అంటించిన కాగితంలోని అంకెలే అవన్నీ. పక్కన కూర్చుని, "ఎందుకమ్మా ఇలా?" అంటే, కోపం లేకుండా చాలా మామూలుగా చెప్పింది: "నువ్వే కదమ్మా, లావైతే జబ్బులొస్తాయంటావు. నాన్నకి వచ్చింది కదా. నాకు రాకూడదని."

నా దగ్గర జవాబు లేదు. లేచి వెళ్ళి తలుపు మీది కాగితం చింపేశాను. చింపాక కూడా టేపు మరక అక్కడే ఉంది.

పిల్లల డాక్టర్ దగ్గరకి తీసుకెళ్ళాం. ఎత్తు, బరువు చూసి, ఆ వయసుకి ఉండాల్సినట్టే ఉందన్నారు. రక్తం తక్కువగా ఉందని ఐరన్ రాశారు. నాతో విడిగా మాట్లాడుతూ, "మీవారి పథ్యం మీవారిదే. పదమూడేళ్ళ పిల్ల ఎముక పెరుగుతోంది, రక్తం పెరుగుతోంది. ఆమెకి కొవ్వూ కావాలి, పిండీ కావాలి. ఇంట్లో ఎవరి ఒంటి గురించీ వ్యాఖ్యానాలు వద్దు. మీ ఒంటి గురించి కూడా" అన్నారు. పిల్లలతో మాట్లాడే కౌన్సెలర్‌ని కూడా చూడమన్నారు. నాలుగు నెలలు వెళ్ళాం. ఇది ముందే చెబుతున్నాను, ఎందుకంటే కింద నేను చెప్పబోయే చికెన్‌తో పిల్ల బాగైపోయిందని ఎవరూ అనుకోకూడదు. వైద్యం వైద్యమే. చికెన్ వల్ల మారింది నేను.

అక్టోబరులో తన పుట్టినరోజు. "కేక్ ఏది కావాలి?" అంటే, "కేక్ వద్దు. మామీ చికెన్ చెయ్యి" అంది. తిండి గురించి తను నోరు తెరిచి అడగడం నెలల తర్వాత అదే మొదటిసారి. నా సంతోషం ఇంతా అంతా కాదు. వెంటనే భయం కూడా వేసింది. మావారికి ఆ వంట పనికిరాదు. ఒకరికి పెట్టి ఒకరిని చూస్తూ కూర్చోమనలేను. అందుకని తగ్గించి చేద్దామనుకున్నాను.

ఎలా చేశానో చెబితే మీరు నవ్వుతారు. వెన్న అసలు వేయలేదు. ఎముకల్లేని ముక్కలు తెచ్చి నీళ్ళలో ఉడికించాను. క్రీమ్ బదులు వెన్న తీసిన పాలు పోశాను. నిమ్మరసం పిండానో లేదో, పాలు ముక్కలు ముక్కలుగా విరిగాయి. బూడిద రంగు నీళ్ళలో తెల్లటి పొడి తేలుతోంది. బల్ల మీద పెట్టాను. మావారు మారు మాట్లాడకుండా తిన్నారు. అమ్మాయి రెండు ముద్దలు తిని, "ఇది మామీ చికెన్ కాదమ్మా" అని పళ్ళెం పక్కకి జరిపింది. పుట్టినరోజు నాడు పిల్ల అర్ధాకలితో లేచింది.

మర్నాడు మామీకి ఫోన్ చేశాను. ఆవిడకిప్పుడు ఎనభై. పాల సంగతి చెప్పగానే గట్టిగా నవ్వారు. తర్వాత అడిగారు: "ఎవరి కోసం తగ్గిస్తున్నావు?"

"ఆయన కోసం."

"మరి పిల్ల?"

నేను నసిగాను. జరిగింది చెప్పాను. ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత తన సంగతి చెప్పారు. గుండె డాక్టర్ ఆవిడకీ క్రీమ్ తగ్గించమన్నారట. అందుకని నెలకోసారి మాత్రం పూర్తి క్రీమ్‌తో చేసుకుంటారట. మిగతా ఆదివారాలు కోడిని కూరగాయలతో నీళ్ళలో మెల్లగా ఉడికించుకుని, ఆ రసంతోనే తింటారట. "బ్రెస్ కోడి అంటే క్రీమ్ ఒక్కటే అనుకున్నావా? మా బ్రాజియే అమ్మ ఏం వండేది?" అన్నారు.

యూజెనీ బ్రాజియే పేరు లియోన్‌లో తెలియనివాళ్ళు ఉండరు. 1895లో బ్రెస్ వైపు పల్లెలో పుట్టి, పొలం పనుల నుంచి వంటింటికి వచ్చి, 1921లో లియోన్‌లో సొంత హోటల్ పెట్టుకున్నావిడ. 1933లో ఆవిడ నడిపిన రెండు హోటళ్ళకీ మిషెలిన్ గైడ్ మూడేసి నక్షత్రాలు ఇచ్చింది. ఆవిడకి అంత పేరు తెచ్చిన కోడి వంటకంలో, చర్మం కింద నల్లటి ట్రఫుల్ ముక్కలు పెట్టి, కూరగాయల రసంలో ఉడికిస్తారు. రుచికి అసలు మూలం కోడి రసమే.

మామీ ఇంకో పేరు కూడా చెప్పారు. మిషెల్ గెరార్. ఫ్రాన్స్ నైరుతి మూలన యూజెనీ-లె-బాన్ అనే ఊరుంది. ఔషధ గుణాలున్నాయని పేరుపడ్డ ఊటనీళ్ళ కోసం జనం వెళ్ళే ఊరు. బరువు తగ్గాలని అక్కడికి వచ్చేవాళ్ళకి చప్పిడి తిండి పెట్టడం గెరార్‌కి నచ్చలేదు. గొప్ప వంటల్నే తేలికగా చేసే పద్ధతులు వెతికి 1976లో ఒక పుస్తకం రాశారు. మరుసటి ఏడాది ఆయన హోటల్‌కి మూడో నక్షత్రం వచ్చింది. ఆయన పద్ధతుల్లో నాకు పనికొచ్చిన కిటుకు ఒకటే: సాస్ చిక్కబడటానికి వెన్న, క్రీమ్ గుమ్మరించే బదులు, ఉడికిన కూరగాయల్నే మెత్తగా రుబ్బి కలపడం.

ఫోన్ పెట్టేశాక నా తప్పు తెలిసింది. నేను తీసేశానే గానీ, తీసేసిన చోట ఏదీ పెట్టలేదు. క్రీమ్ ఆ వంటలో మూడు పనులు చేస్తుంది. సాస్‌ని చిక్కబరుస్తుంది, కమ్మదనం ఇస్తుంది, పులుపు తగిలినా విరగకుండా నిలుస్తుంది. కొవ్వు ఎక్కువున్న క్రీమ్ మరిగినా విరగదు. వెన్న తీసిన పాలకి, పెరుగుకి ఆ రక్షణ లేదు. అయితే ఈ చిక్కుకి విరుగుడు మా అమ్మ నాకు ఎప్పుడో నేర్పింది. మజ్జిగ పులుసులో శనగపిండి ఎందుకు కలుపుతాం? కాగేటప్పుడు మజ్జిగ విరగకూడదనే కదా. ఇక్కడ శనగపిండి వాసన కుదరదు కాబట్టి కార్న్‌ఫ్లోర్. అంతే తేడా.

తర్వాతి ఆదివారం మళ్ళీ చేశాను. ఈసారి అమ్మాయి పక్కన నిలబడి పుట్టగొడుగులు తరిగింది. ఉల్లిపాయలు, పుట్టగొడుగుల్లో సగం తీసి మిక్సీలో రుబ్బి కలిపితే రసం చక్కగా చిక్కబడింది. పెరుగు విరగలేదు. ఆఖర్న రెండు చెంచాల క్రీమ్. వేలితో రుచి చూసి, "దగ్గరకి వచ్చిందమ్మా" అంది.

అక్కడితో ఆగితే బాగుండేది. నాకు గర్వం వచ్చింది. ఒక కాగితం తీసుకుని మావారికి లెక్క చూపించాను. మామీ కొలత ప్రకారం 400 గ్రాముల క్రీమ్, అందులో 30 శాతం కొవ్వు, అంటే 120 గ్రాములు. 50 గ్రాముల వెన్నలో మరో 41. మొత్తం 161 గ్రాములు. నా కొలతలో 10 గ్రాముల వెన్న, 150 గ్రాముల పెరుగు, రెండు చెంచాల క్రీమ్ అన్నీ కలిపి 22 గ్రాములకి మించదు. "చూశారా!" అన్నాను.

మావారు మెచ్చుకునేలోపే అమ్మాయి కాగితం మీదికి వంగింది. "అయితే నా ప్లేట్‌లో ఎన్నమ్మా?" అంది.

అదే గొంతు. నోట్‌బుక్ చివరి పేజీ గొంతు. నా గుండె జారిపోయింది. తలుపు మీద కాగితం చింపాననుకున్నాను గానీ, మళ్ళీ నేనే రాసి బల్ల మీద పెట్టాను. కాగితం మడిచి మావారి జేబులో పెట్టేశాను. "ఈ లెక్క నాన్నది. మందుల చీటీ లాంటిది. ఆయన మందులు నువ్వు వేసుకుంటావా? నీకు లెక్క లేదు. నీకు ఆకలి ఉంది, అంతే" అన్నాను. తర్వాత ఏం చేయాలో తోచక, ఫ్రిజ్‌లో మిగిలిన క్రీమ్ చిన్న గిన్నెలో పోసి బల్ల మధ్యన పెట్టాను. "గిన్నెలో వండింది నాన్నకి సరిపోయేట్టు వండాను. ఎవరికి ఇంకా కావాలంటే వాళ్ళు పైన వేసుకోండి."

ఎవరూ ఏమీ అనలేదు. నేనే ముందు ఒక చెంచా వేసుకున్నాను. నిజం చెప్పాలంటే, అంకెలు చూసుకోకుండా క్రీమ్ వేసుకోవడం నాకూ ఏడాది తర్వాత అదే మొదలు. అమ్మాయి నన్నే చూసింది. ఆ రోజు వేసుకోలేదు. కానీ వడ్డించింది మొత్తం తింది. మూడో ఆదివారమో నాలుగో ఆదివారమో, మాటల్లో ఉండి, గిన్నె తన వైపు లాక్కుని ఒక చెంచా పోసుకుంది. నేను చూడనట్టే ఉన్నాను. మావారు మాత్రం బల్ల కింద నా కాలు తట్టారు.

ఇప్పుడు కొలతలు. ఐదుగురికి సరిపోతుంది.

కావలసినవి: స్కిన్‌లెస్ చికెన్ ఎముకతో ఉన్న పెద్ద ముక్కలు కిలో, వెన్న 10 గ్రాములు, పెద్ద ఉల్లిపాయలు 2, పుట్టగొడుగులు 250 గ్రాములు, వెల్లుల్లి రెబ్బలు 2, బిర్యానీ ఆకు 1, చిటికెడు థైమ్ (లేకపోతే నాలుగైదు వాము గింజలు), నీళ్ళు 2 గ్లాసులు, గది వేడికి వచ్చిన తాజా పెరుగు 150 గ్రాములు, కార్న్‌ఫ్లోర్ 2 చిన్న చెంచాలు, అర నిమ్మచెక్క, మిరియాల పొడి, ఉప్పు. బల్ల మీదికి చిన్న గిన్నెడు క్రీమ్.

చేసే విధానం: అడుగు మందంగా ఉన్న గిన్నెలో వెన్న కరిగించి, చికెన్‌ని రెండు వైపులా లేత బంగారు రంగు వచ్చేవరకు వేయించి తీయండి. అదే గిన్నెలో ఉల్లి, వెల్లుల్లి మెత్తబడనివ్వండి. అడుగంటుతుంటే నూనె కాదు, ఒక చెంచా నీళ్ళు చల్లండి. పుట్టగొడుగులు వేసి, అవి వదిలిన నీరు ఇంకిపోయేదాకా వేయించండి. ఈ దశలో తొందరపడితే రుచి రాదు. సగం తీసి మెత్తగా రుబ్బి పక్కన పెట్టండి. చికెన్, నీళ్ళు, ఆకు, థైమ్, ఉప్పు వేసి మూతపెట్టి సన్నని సెగ మీద అరగంట ఉడికించండి. ముక్కలు తీసేసి, రసాన్ని పెద్ద సెగ మీద సగమయ్యేవరకు మరిగించి, రుబ్బినది కలపండి. పెరుగులో కార్న్‌ఫ్లోర్ కలిపి గిలక్కొట్టి, ముందు రెండు గరిటెల వేడి రసం అందులో పోసి కలిపి, అప్పుడు గిన్నెలో వేయండి. సన్నని సెగ మీద ఒకే వైపు కలుపుతూ మూడు నాలుగు నిమిషాలు ఉంచాలి. ముక్కలు మళ్ళీ వేసి, దించాక నిమ్మరసం, మిరియాల పొడి. నేను ఆఖర్న వేసే రెండు చెంచాల క్రీమ్ ఇప్పుడు మానేశాను. అది బల్ల మీది గిన్నెలోకి వెళ్ళింది. వేడి అన్నంతో తినండి.

తోటి తల్లిదండ్రులకి ఒక్క మాట. మన ఇళ్ళలో షుగరో, బీపీయో, కొలెస్టరాలో ఎవరో ఒకరికి ఉంటూనే ఉంది. వంట మార్చుకోక తప్పదు. మార్చండి. కానీ ఆ లెక్క గిన్నె దగ్గరే ఆగిపోనివ్వండి, పిల్లల పళ్ళెం దాకా రానివ్వకండి. ఖాళీ డబ్బా చూసి నేను నిశ్చింతగా ఉన్నాను. మీరు ఒకసారి అడగండి, అన్నం ఎవరు తిన్నారని. అనుమానంగా ఉంటే టీచర్‌తో, డాక్టర్‌తో మాట్లాడటానికి మొహమాటపడకండి. మా టీచర్‌గారు ఆ రోజు నన్ను పక్కకి పిలిచి చెప్పకపోతే, నేను ఇంకెన్నాళ్ళు ఖాళీ డబ్బాలు తోముతూ ఉండేదాన్నో.

మొన్న ఆదివారం మామీ ఫోన్ చేశారు. "చికెన్ ఎలా వస్తోంది?" అన్నారు. నేను చెప్పేలోపు అమ్మాయి ఫోన్ లాక్కుని, మరిచిపోయిందనుకున్న ఫ్రెంచిలో ఏదో చెప్పింది. ఏం చెప్పావే అంటే, "మీరు చేసినంత బాగా రాదు, కానీ ప్లేట్ తుడుచుకుని తింటున్నానని చెప్పాను" అంది.

— 8వ తరగతి విద్యార్థిని తల్లి, హైదరాబాద్